వల గుళ్లకు ఇంట్లో సీసం కరిగించాలంటే ఏ పాత్ర, ఏ పొయ్యి? తరచుగా అడిగే ప్రశ్నలు

మాది కొత్తపట్నం దగ్గర సముద్రం పక్క ఊరు. బకింగ్‌హామ్ కాలువలో ఇసురు వల వేసేవాళ్లు, రొయ్యల చెరువుల్లో కౌంటు (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయో) చూడటానికి వల విసిరేవాళ్లు, గాలం వేసే కుర్రాళ్లు అందరికీ వల, గాలం నీళ్లలో మునగడానికి సీసం గుళ్లు కావాలి. పాత వల చిరిగిపోతే గుళ్లు విప్పి, కరిగించి, కొత్త వలకు పోసుకోవడం మా ఇంట్లో మా తాత కాలం నుంచీ ఉంది. ఇటు ఒంగోలు వైపు నుంచీ అటు కావలి, మైపాడు వైపు నుంచీ తెలిసినవాళ్లు ఫోన్ చేసి అడిగే ప్రశ్నలు దాదాపు ఒకటే కాబట్టి జవాబులన్నీ ఒకచోట రాస్తున్నాను.

అసలు ఇంట్లో కరిగించడం అవసరమా?

చాలామందికి అవసరం లేదు. ఒక ఇసురు వలకు సరిపడా గుళ్లు కావాలంటే వలల సామాను అమ్మే కొట్లో తూకానికి కొనుక్కోవచ్చు. పాత సీసం ఉంటే పాత సామాన్ల కొట్లో అమ్మేసి, ఆ డబ్బుకు ఇంకొంత కలిపి కొత్త గుళ్లు తెచ్చుకోవడమే మేలు. ఏటా మూడు నాలుగు వలలు కట్టుకునేవాళ్లకు, తమకు కావలసిన సైజు గుళ్లు బజారులో దొరకనివాళ్లకు మాత్రమే ఈ పని గిట్టుబాటు అవుతుంది.

ఇంటి ఆవరణలో చిన్నపిల్లలు తిరుగుతుంటే, ఇంట్లో కడుపుతో ఉన్న ఆడమనిషి ఉంటే ఆ ఇంటి దగ్గర ఈ పని పెట్టుకోకండి. ఈ మాట ముందే చెప్పడానికి కారణం ఉంది. సీసం శరీరంలోకి ఇంత వరకు పోతే ఫరవాలేదు అనే హద్దు ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పిల్లల శరీరం పెద్దలకంటే చాలా ఎక్కువగా సీసాన్ని పీల్చుకుంటుంది. అది మెదడు ఎదుగుదలను దెబ్బ తీస్తుంది, పోయింది మళ్లీ రాదు.

సీసం ఎంత వేడికి కరుగుతుంది? పాత్రకూ దానికీ సంబంధం ఏమిటి?

327 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. వేపుడుకు కాగే నూనె 180 డిగ్రీల దగ్గర ఉంటుంది, అంటే సీసానికి దాదాపు దానికి రెట్టింపు వేడి కావాలి. అయినా ఇది లోహాల్లో తక్కువే. ఇనుము కరగాలంటే 1538 డిగ్రీలు కావాలి, పైగా సీసం ఇనుముతో కలవదు. అందుకే ఇనప పాత్ర ఈ పనికి కుదిరింది.

అసలు చిక్కు వేడి కన్నా బరువుతో వస్తుంది. లీటరు నీళ్లు కిలో బరువైతే, లీటరు సీసం 11 కిలోల పైమాటే. మూడు లీటర్ల బాణలిలో మూడింట రెండు వంతుల వరకు సీసం ఉంటే 21 కిలోలు దాటుతుంది. అదే బాణలిలో పప్పు ఉడికించినట్టు ఊహించుకుని స్టాండు కొంటే కాళ్లు వంగుతాయి. పాత్ర కొనేటప్పుడు ఎంత పడుతుంది అని చూసుకున్నాక, నిండితే ఎంత తూగుతుంది అని ఇంకోసారి లెక్క వేసుకోండి.

అయితే ఏ పాత్ర కొనాలి?

రెండు దారులున్నాయి.

మొదటిది, అడుగు చదునుగా ఉన్న పోత ఇనప పాత్ర. రెండు మూడు లీటర్లు పట్టేది, గోడలు మందంగా ఉన్నది చాలు. పోత ఇనుము వేడిని పట్టి ఉంచుతుంది. మంట తగ్గించినా సీసం వెంటనే గడ్డకట్టదు, గుళ్లు పోసుకోవడానికి తీరిక దొరుకుతుంది. దాని లోపం ఒక్కటే, పెళుసు. ఖాళీ పాత్రను బాగా కాల్చి అందులో చల్లని సీసం ముద్ద ధబీమని వేస్తే పగలవచ్చు. కొనేముందు వేలి కణుపుతో తట్టి చూడండి. గంట మోగినట్టు ఖంగుమంటే మంచిది. బొంగురుగా పలికితే ఎక్కడో సన్నని పగులు ఉందని అర్థం.

రెండోది, వెల్డింగ్ షాపులో చేయించుకున్న ఉక్కు పాత్ర. మందపు గోడ ఉన్న ఉక్కు పైపు ముక్కకు కింద 6 మిల్లీమీటర్ల ప్లేటు వేయించి, చుట్టూ అతుకు పెట్టిస్తారు. ఇది పగలదు, పిల్లల కాలానికి కూడా మిగులుతుంది. కాకపోతే అతుకు మీదే అంతా ఆధారపడి ఉంటుంది. నేను మొదటిసారి చేయించిన పాత్రకు అతుకు బయటివైపే వేశారు. చూడటానికి నున్నగా ఉంది. రెండో వాడకంలో అడుగు మూల నుంచి వెండి తీగలాగా సీసం కారి స్టాండు మీద పడింది. మంట ఆపేసి దూరంగా నిలబడి, అంతా గడ్డకట్టేదాకా చూస్తూ ఉండిపోయాను. ఆ తర్వాత లోపలా బయటా రెండువైపులా అతుకు వేయించాను. తెచ్చాక ముందు నిండా నీళ్లు పోసి ఒక రాత్రంతా పొడి కాగితం మీద ఉంచాను, పొద్దున కాగితం తడవలేదు. నీళ్లతో పరీక్షించాక పాత్రను ఎండలో పెట్టి, తర్వాత ఖాళీగానే సన్నమంట మీద కాసేపు ఉంచి, పూర్తిగా ఆరిందని తేలాకే సీసం వేయాలి.

లోపల తుప్పు ఉంటే కంగారు పడకండి. తుప్పు పట్టిన ఇనుముకు సీసం అంటుకోదు.

మా నాన్న అల్యూమినియం గిన్నెలోనే కరిగించేవాడు. ఏమీ కాలేదే?

చాలా ఇళ్లలో ఇదే మాట వింటాను. అల్యూమినియం 660 డిగ్రీలకు గాని కరగదు కదా, సీసానికి 327 చాలు కదా అని లెక్క చెబుతారు. ఆ లెక్కలో ఒక మెలిక ఉంది. అల్యూమినియం కరగడానికి చాలా ముందే, 300 డిగ్రీలు దాటేసరికే, గట్టితనం పోగొట్టుకుని మెత్తబడుతుంది. పైగా గుళ్లు, ముక్కలు గిన్నె అడుగుకు పూర్తిగా ఆనవు, మధ్యలో ఖాళీలుంటాయి. మంట నేరుగా తగిలే ఆ ఖాళీ చోట్లలో లోహం మిగతా గిన్నెకంటే ఎంతో ఎక్కువ వేడెక్కుతుంది. పైన 10 కిలోల బరువు, కింద మెత్తబడిన పల్చని అడుగు. ఒకరోజు అది తెగుతుంది. తెగినప్పుడు కింద మంట ఉంటుంది, పక్కన మన కాళ్లుంటాయి.

ప్రెషర్ కుక్కర్ గిన్నె కూడా అంతే. స్టీలు గిన్నెల్లో అడుగు మందంగా కనబడేవాటికి లోపల అల్యూమినియం పొర ఇరికించి ఉంటుంది కాబట్టి అవీ పనికిరావు.

సత్తు గిన్నె?

కొందరు అల్యూమినియాన్ని సత్తు అంటారు. కొందరు చారు కాచే తగరపు గిన్నెను అంటారు. ఏదైనా వద్దు. తగరం 232 డిగ్రీలకే కరిగిపోతుంది, సీసం కన్నా ముందు గిన్నే కరుగుతుంది.

జింకు పూత ఉన్న ఇనప బకెట్, పెయింటు డబ్బా, మట్టి కుండ?

జింకు పూత వేడికి ఊడి సీసంలో కలుస్తుంది, పొగకు జ్వరం కూడా రావచ్చు. రేకు డబ్బాల అతుకు విడిపోతుంది. కుండ పగులుతుంది. మూడూ వద్దు.

పాత గ్యాస్ సిలిండర్‌ను సగానికి కోసి వాడుతున్నారు. గట్టిగా ఉంటుంది కదా?

గట్టిదే, కానీ కోసేటప్పుడు లోపల మిగిలిన గ్యాసు పేలి మనుషులు పోయారు. పైగా సిలిండర్ కంపెనీ ఆస్తి, కోసే హక్కు మనకు లేదు. ఎవరో కోసి అమ్మినది కూడా కొనకండి.

పొయ్యి ఏది మంచిది? గ్యాసా, కట్టెలా, కరెంటా?

నా ఓటు గ్యాసుకు. మంట పెద్దగా వస్తుందని కాదు, తిప్పితే ఆగుతుందని. పాత్ర కారినా, సీసం ఎగిరిపడినా, ఎవరైనా పిల్లవాడు పరుగెత్తుకొచ్చినా ఒక్క నాబ్ తిప్పితే మంట పోవాలి. కట్టెల పొయ్యిలో ఆ వీలు లేదు.

మా వైపు సరుగుడు కట్టెలకు కొదవ లేదు, అందుకే చాలామంది మూడు రాళ్ల పొయ్యి మీదే కానిస్తారు. సరుగుడు నిప్పు బలంగా, ఎక్కువసేపు ఉంటుంది. అదే ఇక్కడ ఇబ్బంది. సీసం కరిగిపోయాక వేడి తగ్గించాలంటే తగ్గదు, 400 దాటి పోతుంది. ఇంకొక విషయం ఆడవాళ్లకు ముఖ్యంగా చెప్పాలి. సీసం కరిగించిన పొయ్యిలోని బూడిదతో అంట్లు తోమకూడదు, పాదులకు వేయకూడదు. చిందిన సీసం, దాని పొడి ఆ బూడిదలో ఉంటుంది. మా ఇంట్లో కట్టెల పొయ్యి మానేయడానికి అసలు కారణం ఇదే.

ఇండక్షన్ స్టవ్ ఇంత వేడికి తగినది కాదు, వేడి మితిమీరగానే అదే ఆగిపోతుంది. కాయిల్ ఉన్న కరెంటు పొయ్యి, 1500 లేదా 2000 వాట్లది, రెండు మూడు కిలోల చిన్న పనికి బాగుంటుంది. నిదానంగా కరుగుతుంది గానీ గాలికి ఆరిపోదు. గాలం గుళ్లు మాత్రమే పోసుకునేవాళ్లు గ్యాసు జోలికి పోకుండా దీంతో సరిపెట్టుకోవచ్చు.

గ్యాసు బర్నర్ ఎలాంటిది? ఇంట్లో వంట స్టవ్ చాలదా?

వంట స్టవ్ మంట చాలుతుంది, స్టాండు చాలదు. ఆ సన్నని కమ్ములు ఒక కుక్కర్ కోసం చేసినవి. పైగా వంటింట్లో సీసం కరిగించే ఆలోచనే పెట్టుకోకూడదు.

టిఫిన్ బండ్ల దగ్గర ఉండే ఒంటి బర్నర్ భట్టీ స్టవ్ తీసుకోండి. నాలుగు కాళ్లూ ఇనప యాంగిలర్‌తో చేసినది, నేలకు దగ్గరగా ఉండేది, పాత్ర అడుగు కన్నా వెడల్పైన పైభాగం ఉన్నది. కొట్లోనే దాని మీద మీరు నిలబడి చూడండి. మీ బరువుకు ఊగితే వదిలేయండి.

పెద్ద బర్నర్ కోసం ఆశపడొద్దు. లెక్క చూడండి. 20 కిలోల సీసాన్ని కరిగించి 400 డిగ్రీలకు తేవడానికి కావలసిన వేడి 1.4 మెగాజౌళ్లు. కిలో గ్యాసులో 46 మెగాజౌళ్లు ఉంటాయి. మంటలో మూడొంతుల వేడి గాలికి పోయినా, సుమారు 125 గ్రాముల గ్యాసుతో పని అయిపోతుంది, పాత్ర వేడెక్కడానికి ఇంకొంచెం. సీసం చాలా తేలిగ్గా వేడెక్కే లోహం. హోరున మండే పెద్ద బర్నర్ వల్ల లాభం ఏమీ లేదు, వేడి చేతిలో నుంచి జారిపోవడం తప్ప. సన్నమంట మీద మెల్లగా తిరిగే నాబ్ ఉన్న బర్నర్ దీనికి సరైనది.

ఇంటి సిలిండర్ వాడవచ్చా?

వంటకని ఇచ్చిన 14.2 కిలోల సిలిండర్‌ను వేరే పనికి వాడటం నిబంధనలకు విరుద్ధం. మార్కెట్ ధరకు దొరికే 5 కిలోల చిన్న సిలిండర్ ఈ పనికి చాలు. దాన్ని నిలువుగానే ఉంచాలి, బర్నర్‌కు కనీసం ఒకటిన్నర మీటరు దూరంలో, గాలి వచ్చే వైపు. ట్యూబు కాలికి తగిలేలా పరచకండి. వంట గ్యాసు గాలికన్నా బరువు, లీకైతే నేల బారున గుంతల్లో చేరుతుంది, అందుకే స్టవ్‌ను గుంతలో పెట్టవద్దు. గాలికి మంట ఆరిపోతోందని రేకు అడ్డం పెట్టేవాళ్లు బర్నర్‌కే పెట్టాలి. సిలిండర్‌ను కూడా అదే రేకు లోపల పెడితే అది వేడెక్కుతుంది.

ఎక్కడ, ఎప్పుడు చేయాలి?

ఆరుబయట. తాటాకు పందిరి కింద వద్దు, చెట్టు కింద కూడా వద్దు, ఆకుల మీద నిలిచిన మంచు బొట్లు పడతాయి. సిమెంటు గచ్చు మీద నేరుగా పెడితే, సీసం ఒలికినప్పుడు గచ్చులోని తేమ ఆవిరై పెచ్చులు ఎగురుతాయి. పొడి ఇటుకలు పరిచి, వాటి మీద ఇనప రేకు, దాని మీద స్టవ్.

మా జిల్లాల్లో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు, తుపాన్లు. ఆ నెలల్లో ముట్టుకోను. రోహిణీ కార్తెలో నిప్పు పక్కన నిలబడలేం, కళ్లద్దాల్లోకి చెమట కారి ఏమీ కనబడదు. జనవరి, ఫిబ్రవరిలో మంచు ఆరాక, సముద్రపు గాలి లేవకముందు, తొమ్మిది నుంచి పదకొండు మధ్య నాకు బాగా కుదురుతుంది. గాలి మన వీపు మీద నుంచి పాత్ర వైపు పోయేలా నిలబడాలి.

నీళ్లు పడితే పేలుతుందంటారు. నిజమా?

నిజం, ఈ పనిలో గాయాలు ఎక్కువగా దీనివల్లే. కరిగిన సీసం లోపలికి ఒక్క నీటి బొట్టు పోతే అది క్షణంలో ఆవిరై 1600 రెట్లకు పైగా ఉబ్బుతుంది. పైన ఉన్న సీసమంతా చిమ్ముతుంది. నీటి బొట్టు సీసం పైన పడితే చిటపటలాడి పోతుంది, లోపల చిక్కుకుంటే మాత్రం పాత్ర సగం ఖాళీ అవుతుంది.

వల గుళ్లతో ఇది మరీ ప్రమాదం. పాత గుళ్ల బొర్రలో తాడు ముక్క, ఉప్పు, బురద ఉంటాయి. పైకి ఎండినట్టు కనిపించినా లోపల చెమ్మ ఉంటుంది, ఉప్పు గాలిలోని తేమను లాగుతూనే ఉంటుంది. నా ముంజేతి మీద ఉన్న మూడు మచ్చలు అలాంటి ఒక్క గుండు వల్ల వచ్చినవే. పాత్రలో సీసం కరిగి ఉండగా, పక్కన మిగిలిపోయింది కదా అని ఒకటి వేశాను.

అప్పటినుంచి ఒకటే పద్ధతి. చల్లని పాత్రలో మొత్తం వేసి, ఆ తర్వాతే మంట పెట్టాలి. చెమ్మ ఉన్నా సీసం కరిగేలోపే ఆరిపోతుంది. మధ్యలో ఇంకేదీ వేయకూడదు. రెండో విడత కావాలంటే మొదటిది అంతా తీసి, పాత్ర చల్లారాక మళ్లీ మొదలు. గరిటె, అచ్చు కూడా వాడేముందు మంట దగ్గర పెట్టి వేడి చేసుకోవాలి.

కరెక్టు వేడి ఎలా తెలుస్తుంది?

కె-టైప్ థర్మోకపుల్ పుల్ల (సీసంలో ముంచి వేడి కొలిచేది) ఉన్న డిజిటల్ థర్మామీటర్ కొనండి. దూరం నుంచి చూపించే తుపాకీ లాంటి మీటరు మెరిసే సీసం మీద తప్పు అంకె చూపిస్తుంది. 350 నుంచి 380 మధ్య ఉంచితే చాలు. పైన నీలం, ఊదా రంగులు తేలుతున్నాయంటే వేడి ఎక్కువైందని గుర్తు.

ఇంత జాగ్రత్త దేనికంటే, పాత సామాన్లలో జింకు కలిసి వస్తుంది. కార్ల చక్రాలకు కొట్టే బ్యాలెన్సింగ్ ముక్కల్లో సీసంవి, జింకువి, ఇనుమువి మూడు రకాలూ ఉంటాయి. జింకు 419 డిగ్రీలకు కరుగుతుంది. మన పాత్ర 380 దాటకపోతే జింకు, ఇనుము ముక్కలు పైన తేలతాయి, చిల్లుల గరిటెతో తీసేయవచ్చు. దాటితే జింకు కలిసిపోయి సీసం ఉప్మాలా ముద్దకడుతుంది, గుళ్లు సరిగా పోయలేం.

పాత బ్యాటరీలు పగలగొట్టి ఆ సీసం వాడవచ్చా?

వద్దు. ఎంత తక్కువ ధరకు వచ్చినా వద్దు. అందులో గంధకామ్లం ఉంటుంది, పలకల్లో ఉన్నది చాలావరకు సీసపు లవణాల పొడి, అది కరగదు, ఎగురుతుంది. దాని మడ్డి తడిస్తే విషవాయువులు పుట్టవచ్చు. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం పాత బ్యాటరీలు నమోదైన రీసైక్లర్లకే చేరాలి. కొత్త బ్యాటరీ కొనేచోట పాతది ఇస్తే ధర తగ్గిస్తారు కూడా.

సెనెగల్ దేశంలో డాకర్ నగరం శివార్లలో, మన ఊళ్లలాంటి ఒక ఇసక వాడలో, పాత బ్యాటరీల సీసం కోసం ఇసకను జల్లెడ పట్టేవాళ్లు. 2007 నవంబరు నుంచి 2008 మార్చి లోపల అక్కడ 18 మంది పిల్లలు చనిపోయారు. అది చదివిన రోజు నుంచి మా పెరట్లో బ్యాటరీ ముక్కను కూడా రానివ్వలేదు.

ముక్కుకు తువ్వాలు కట్టుకుంటే చాలదా?

చాలదు. 380 డిగ్రీల దగ్గర సీసం ఆవిరి చాలా తక్కువ. అసలు ముప్పు పైన తేలే బూడిదరంగు మడ్డి. అది పొడి. గీకినప్పుడు లేస్తుంది, చేతులకు అంటుతుంది, ఆ చేత్తో బీడీ ముట్టించుకుంటే, నీళ్లు తాగితే కడుపులోకి పోతుంది. సన్నని పొడిని కూడా ఆపే పి100 రకం ఫిల్టర్లున్న రబ్బరు మాస్కు పెట్టుకోండి. పని మధ్యలో తినడం, తాగడం, గుట్కా, సిగరెట్ ఏవీ వద్దు. అయ్యాక సబ్బుతో చేతులు, ముఖం కడిగి, బట్టలు బయటే విప్పి, విడిగా ఉతకాలి. ఆ బట్టలతో పిల్లల్ని ఎత్తుకోవద్దు.

2020 డిసెంబరులో ఏలూరులో జనం ఉన్నట్టుండి మూర్ఛపోయినప్పుడు రోగుల రక్తంలో సీసం, నికెల్ కనబడ్డాయని ఎయిమ్స్ చెప్పింది. ఆ జబ్బు కారణం విషయంలో తర్వాత పురుగుమందుల వైపు దృష్టి పోయింది గానీ, సీసాన్ని రక్తపరీక్షలో కొలవచ్చు అనే సంగతి మాకు అప్పుడే తెలిసింది. ఏటా ఈ పని చేసేవాళ్లు ఆ పరీక్ష చేయించుకోండి.

ఏ బట్టలు?

లుంగీ, చెప్పులు వద్దు. నూలు ప్యాంటు, తోలు బూట్లు, ప్యాంటు అంచు బూట్ల పైకి. నైలాన్ చొక్కా కరిగి ఒంటికి అంటుకుంటుంది. ముఖం మొత్తం కప్పే షీల్డు, తోలు గ్లౌజులు.

తర్వాత గుళ్లకు వాడుకునేలా సీసాన్ని ముద్దలుగా పోసి ఉంచడానికి ఏ అచ్చు?

పోత ఇనప గుంత పొంగనాల పెనం దీనికి చక్కగా సరిపోతుంది. గుంతలో 30 మిల్లీలీటర్లు పడితే ముద్ద దాదాపు 340 గ్రాములు వస్తుంది, తర్వాత ఎన్ని ముద్దలు వేయాలో లెక్క తేలిక. పాత్రను ఎత్తి పోయకండి, గరిటెతో తోడి పోయండి. ఆ పెనం, గరిటె, పాత్ర ఇక ఎన్నటికీ వంటింట్లోకి రాకూడదు. ఎంత తోమినా సరే. ఎవరూ పొరపాటున తీసుకోకుండా వాటికి నేను ఎర్ర రంగు పూసి, పశువుల కొట్టం అటకమీద తాళం వేసిన పెట్టెలో పెడతాను.

మైనం ఎందుకు వేస్తారు?

మడ్డిలో చిక్కుకున్న సీసం మళ్లీ దిగడానికి. వేరుశనగ గింజంత కొవ్వొత్తి ముక్క చాలు. భగ్గున అంటుకుంటుంది, ముఖం దూరంగా పెట్టి కలపాలి.

ఆ మడ్డిని ఏం చేయాలి?

మూత గట్టిగా పట్టే ఇనప డబ్బాలో వేసి, పైన పేరు రాసి, సీసం కొనే పాత సామాన్ల కొట్టుకు ఇవ్వండి. కాలువలో, చెరువు గట్టున పారబోయకండి, ఆ చేపలూ రొయ్యలూ మనమే తింటాం. నేలను చీపురుతో ఊడవకుండా, అంతా చల్లారాక తడిగుడ్డతో తుడవండి.

ఒంటి మీద పడితే?

అంటుకున్న సీసాన్ని పీకకండి. మామూలు చల్లని నీళ్లు ధారగా 20 నిమిషాలు పోయాలి. పసుపు, టూత్‌పేస్టు, సిరా పూయవద్దు. కంట్లో పడినా, కాలిన చోటు అరచేయంత ఉన్నా 108కి ఫోన్ చేయండి. ఈ నీళ్ల బకెట్ పని మొదలుపెట్టకముందే నింపి, పొరపాటున తన్నినా పాత్రను తాకనంత దూరంలో, పది అడుగుల అవతల పెట్టుకోండి. పని చేసేటప్పుడు పక్కన ఇంకొక పెద్దమనిషి ఉండాలి. మా ఇంట్లో మా తమ్ముడు రాని రోజు నేను స్టవ్ ముట్టించను.